సుగ్గికి ముందు చెప్పవలసిన పాఠములు

జూన్ నెల మొదటి వారములో, బడి తలుపులు ఇంకను తెరువక మునుపే, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు కూర్చుండి వ్రాయవలసిన పుస్తకమొకటి కలదు. దానిని మేము వార్షిక ప్రణాళిక యందుము. ఏ తరగతికి ఏ పాఠము ఏ నెలలో చెప్పవలెనో, ఒక్కొక్క పాఠమునకు ఎన్ని పీరియడ్లు పట్టునో, దానివలన పిల్లలు నేర్చుకొనవలసిన దేమిటో గళ్లు గీసి నింపవలెను. తరువాత పాఠములను గుంపులుగా కూర్చి ఒక్కొక్క గుంపునకు యూనిట్ పథకము, దినదినమునకు పీరియడ్ పథకము వ్రాయుదుము. పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు మొదట అడుగునది హాజరు పట్టీ, రెండవది ఈ పుస్తకము. సేద్యము చేయు మీకిది కొత్త సంగతి కాదు. ఏ చేలో ఏ విత్తనము, ఏ కార్తెలో, ఎంత అని మీరు మనస్సులో వేసికొను లెక్కనే మేము కాగితము మీద వేయుదుము. మీకు వాన అడ్డము వచ్చును. మాకు వచ్చు అడ్డము వేరు. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను పని చేయు ఊరు కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదోని వైపున నున్నది. నల్లరేగడి నేల. వాన పడినయెడల పత్తి, వేరుసెనగ, కంది, ఉల్లి పండును. పడనియెడల ఏమియు లేదు. కాలువ నీరు అందునది కొద్ది పొలములకు మాత్రమే. పంట చేతికి వచ్చినను రాకపోయినను, దీపావళి దాటగానే మా ఊరిలో ఇండ్లకు తాళములు పడనారంభించును. తల్లియు తండ్రియు పిల్లలును, వంటపాత్రలు, బియ్యపు మూట, టార్పాలిన్ పట్ట, కొందరు కోళ్లగంప కూడ వేసికొని లారీలలోను ఆటోలలోను గుంటూరు, పల్నాడు దేశములకు పోవుదురు. మొదట పత్తి తీత. సంక్రాంతి దాటిన పిమ్మట మిరపకాయల కోత. దీనినే మా వైపున సుగ్గికి పోవుట యందురు. సుగ్గి యనగా కన్నడ భాషలో కోతల కాలము. మావి సరిహద్దు ఊళ్లు గనుక ఆ మాట మా నోట నిలిచిపోయినది. కన్నడ దేశములో అది పండుగ మాట. మా ఊరిలో అది తాళము వేసిన ఇంటి మాట.

ఈ బడికి బదిలీయై వచ్చిన దినమున నేను మొదట అడిగి తీసికొన్నవి గడచిన మూడు సంవత్సరముల హాజరు పట్టీలు. ఒక్కొక్క పేజీ తిప్పుచుండగా ఊరి సంగతి యంతయు కండ్లకు కట్టినది. జూలై, ఆగస్టు పేజీలలో గీతలు నిండుగా నున్నవి. దసరా సెలవుల తరువాత అక్కడక్కడ సందులు పడినవి. నవంబరు మూడవ వారము మొదలుకొని సగము పేర్ల కెదురుగా వరుసగా గైరుహాజరు గుర్తులే. ఉగాది వచ్చుసరికి మరల ఒక్కొక్కరు కనబడుదురు. ఏప్రిల్ నాలుగవ వారములో బడి మూయుదురు. పంచాంగమును సెలవుల జాబితాను ముందుంచుకొని లెక్కించితిని. సుగ్గికి పోవు పిల్లకు జూన్ 12 మొదలు నవంబరు నడుమ వరకు దొరుకునవి నూటపది బడి దినములకు అటు ఇటుగా నుండును. తిరిగి వచ్చిన పిమ్మట మరి యిరువది.

2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఒకటి మొదలు ఐదు తరగతులకు సంవత్సరమునకు 200 పని దినములు, 800 గంటల బోధన యుండవలెనని చెప్పుచున్నది. పుస్తకములు వ్రాయువారు ఆ 200 దినములను మనస్సులో నుంచుకొని వ్రాయుదురు. అది వారి తప్పు కాదు. అయితే మా ఊరి పిల్ల కేమగును? ప్రతి యేటను పుస్తకము మొదటి సగము ఆమెకు దొరకును. రెండవ సగము దొరకదు. తూకములు, కొలతలు, భిన్నములు తరచుగా గణిత పుస్తకము వెనుక భాగములోనే యుండును. రెండవ తరగతిలోను అదియే, మూడవ తరగతిలోను అదియే. ఐదవ తరగతికి వచ్చునప్పటికి ఆ పిల్ల ఐదు పుస్తకముల మొదటి సగములు చదివి, ఒక్క పుస్తకమైనను పూర్తిగా చదువనిదై యుండును. ఆ తరువాత పొరుగూరి హైస్కూలు. అక్కడ వెనుకబడిన ఆడపిల్లను ఎంతకాలము పంపుదురో మీకు తెలియనిది కాదు.

ఇక రెండవ లెక్క. మా బడిలో ఐదు తరగతులు, ఉపాధ్యాయుడను నేనొక్కడనే. అరువది మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండవలెనని అదే చట్టము చెప్పినను, దేశములో 2024-25లో లక్షకు పైగా పాఠశాలలు ఒక్క ఉపాధ్యాయునితోనే నడచుచుండెను. మాది అట్టిదే. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, గణితము, ఇంగ్లీషు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు ఈ మూడును పరిసరాల విజ్ఞానమును. కూడినయెడల పదునెనిమిది పాఠములు. 800 గంటలను 200 దినములకు పంచగా దినమునకు నాలుగు గంటలు, అనగా 240 నిమిషములు. వానిని పదునెనిమిది పాఠములకు పంచగా ఒక్కొక్క పాఠమునకు పదమూడు నిమిషములు. పలకలు తుడుచుకొనుటకే ఐదు నిమిషములు పట్టును!

ఈ రెండు లెక్కలును ముందు పెట్టుకొనిన వానికి, అచ్చువేసిన గళ్లను పైనుండి క్రిందికి నింపుకొనుచు పోవుట తగదని తోచును. నేను శిక్షణ పొందునప్పుడు పాఠ్యపథకమునకు ఐదు మెట్లు నేర్పిరి. 1841లో చనిపోయిన హెర్బార్టు అను జర్మను పండితుని శిష్యులు కూర్చిన మెట్లవి. సన్నాహము, ప్రదర్శనము, పోల్చి చూచుట, సూత్రము తీయుట, దానిని వాడుట. మంచి మెట్లే, నేటికిని వాడుచున్నాను. కాని అవి ఒక తరగతి, ఒక గది, ఒక గురువు ఉన్న బడికి కుట్టిన చొక్కా. మా బడికి చేతులు చాలవు.

మాకు తగిన మాట 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారు కూర్చిన విద్యాసభలో దొరకును. చేతిపని యొకటి నడుమ నుంచి, దాని చుట్టు లెక్కలను, భాషను, లోకజ్ఞానమును అల్లవలెనని ఆ సభ తలంపు. జాకీర్ హుస్సేనుగారి సంఘము దానికి పాఠ్యప్రణాళిక వ్రాసినది. మీలో పెద్దవారు కొందరు బేసిక్ బడులలో తకిలి త్రిప్పియుందురు. ఆ బడులు నిలువలేదు గాని, నడుమ నొక పని, చుట్టును పాఠములు అను పద్ధతి ఒంటరి ఉపాధ్యాయునికి నేటికిని ఆధారము. రెండవది మనకు దగ్గరలోనే, మదనపల్లె యొద్ద రిషివ్యాలీలో పుట్టినది. అక్కడి గ్రామ విద్యాకేంద్రములో పద్మనాభరావు, రమ యను దంపతులు చుట్టుపట్ల పల్లెల చిన్న బడుల కొరకు పాఠములను చిన్న చిన్న కార్డులుగా విడదీసి, వానిని నిచ్చెన మెట్లవలె ఒకదానిపై నొకటి అమర్చిరి. పిల్ల తానున్న మెట్టు మీది కార్డు తీసికొని పని చేయును. పది దినములు బడికి రాక తిరిగి వచ్చినను, విడిచిన మెట్టు నుండియే ఎక్కును, తరగతి వెంట పరుగెత్త నక్కరలేదు. సుగ్గి ఊళ్లకు ఇంతకంటె తగినది వేరొకటి లేదు. ఇది తరువాత కర్ణాటకలో నలి-కలి అను పేరున వేల బడులకు వ్యాపించినది.

ఈ రెంటిని కలిపి నా ప్రణాళిక వ్రాసికొంటిని. నెలకొక యూనిట్. ఒక్కొక్క యూనిట్ నడుమ ఊరి పని యొకటి. ఐదు తరగతుల వారును మొదట ఆ పని చుట్టు కూర్చుందురు. తరువాత ఎవరి మెట్టు పని వారు చేయుదురు. అన్నిటికంటె ముఖ్యముగా, సుగ్గికి పోవు పిల్లకు తప్పక కావలసినది ఏదియో అదంతయు దీపావళికి ముందు. మిగిలినది తరువాత.

జూన్ నెల యూనిట్ పేర్లు. పిల్లల పేర్లు, ఇంటి పేర్లు, వీధులు, ఊరి పటము. దీనిని గూర్చి చెప్పుటకు పెద్దగా లేదు, ప్రతి బడిలోను జరుగునదే. జూలై విత్తనము. ఏరువాక సాగి వేరుసెనగ వేయు కాలము గనుక, తడి గోనెసంచిలో 50 గింజలు చుట్టి నాలుగైదు దినములుంచితిమి. మీరు ఇంటి యొద్ద చేయు పరీక్షయే. ఒకటవ తరగతి వారు మొలకలను లెక్కించిరి, రెండవ తరగతి వారు పదులుగా పేర్చిరి. 43 మొలచినవి. 50కి 43 అయినయెడల 100కి ఎన్ని యని ఐదవ తరగతి వారు లెక్క కట్టి 86 అని బోర్డు మీద వ్రాసిరి. ఆ సాయంకాలము ఒక పిల్లవాని తాత కర్ర పొడుచుకొనుచు వచ్చి, "అయ్యోరా, మా ఇత్తనం గూడ సూడండప్పా, మొలుస్తాదో లేదో" అని దోసెడు గింజలు బల్ల మీద పోసిపోయెను. బడి యొక్క లెక్క ఊరికి పనికివచ్చునని ఊరు నమ్మిన దినము అదియేనని నా తలంపు. ఆగస్టు వాన. నిలువు గోడల డబ్బా యొకటి ఆరుబయట నుంచి, స్కేలుతో దినదినము కొలిచితిమి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడినయెడల ఒక లీటరు నీరగునని తెలిసికొన్నప్పుడు నాలుగవ తరగతి పిల్లవాడొకడు బడి మిద్దె మీద పడిన నీరెంతయో కట్టుటకు కూర్చుండి, భోజనపు గంట కొట్టినను లేవలేదు.

తెలుగు చదువు విషయములో ఒక చిన్న సంగతి చెప్పవలెను, ఇంటి యొద్ద పిల్లలకు అక్షరములు దిద్దించు తల్లులకు ఉపయోగపడును. పాత కాలమున అ ఆ మొదలుకొని వరుసగా యాబది ఆరు అక్షరములు, ఆపైన గుణింతములు, ఆపైన ఒత్తులు నేర్పుచుండిరి. ఆ వరుసలో పోయినయెడల మా పిల్లలకు ఒత్తులు సుగ్గిలో కలిసిపోవును. నేను మాటలతోనే ఆరంభించితిని. పలక, గడప, అరక, ఉలవ. నాలుగు మాటలలో ఎన్ని అక్షరములు వచ్చినవో చూడుడు. గుణింతములు దసరాకు ముగియవలెనని పెట్టుకొంటిని. ఒత్తులలో రెండు తెగలు కలవు. ఒకే అక్షరము తన మీద తాను కూర్చుండు ద్విత్వము, వేరు అక్షరము వచ్చి కూర్చుండు సంయుక్తము. మా పిల్లల బ్రతుకు మాటలు చూడగా అమ్మ, అక్క, పత్తి, సుగ్గి, లెక్క, మబ్బు, అన్నియు ద్విత్వములే. అందుచేత ద్విత్వములను దీపావళికి ముందునకు జరిపి, సంయుక్తములను ఉగాది తరువాతకు త్రోసితిని. పత్తి యను మాట చదువలేని పిల్లను పత్తి చేనికి ఎట్లు పంపుదును?

సెప్టెంబరు యూనిట్ సంత. మా పొరుగూరిలో వారమునకొకసారి సంత కూడును. ధరలు వ్రాసి తెచ్చుట, చిల్లర లెక్కలు, బస్సు మీది ఊరి పేర్లు చదువుట. ఈ బస్సు పేర్లు చదువుట నేను వేడుకకు పెట్టలేదు. గుంటూరు, నరసరావుపేట, మాచర్ల, సత్తెనపల్లి అను పేర్లు బోర్డు మీద చదువగలిగిన పిల్ల ఆ దేశమున తప్పిపోదు.

అక్టోబరు యూనిట్ కాటా. సంవత్సరమంతటిలో దీనికి నేను ఎక్కువ దినములిచ్చితిని. పత్తి తీసిన కూలి చాలచోట్ల కిలో లెక్కన కట్టుదురు. సాయంకాలము చేని గట్టున కొక్కెపు కాటాకు మూట తగిలించి, ముఠా మేస్త్రీ అంకె చెప్పును, పుస్తకములో వ్రాసికొనును. తీసినవారికి అంకె చదువ రానియెడల మేస్త్రీ చెప్పినదే అంకె. మేస్త్రీలందరును మోసగాండ్రని నేననను. మా ఊరి మేస్త్రీ మంచివాడే. అయినను నలుబది మంది మూటలు చీకటి పడువేళ తూచుచుండగా ఎవరికైనను పొరపాటు వచ్చును, అది ఎల్లప్పుడును చదువురాని వాని తట్టే వచ్చును.

కాటా యొకటి అరువు తెచ్చి చూరు దూలమునకు కట్టితిమి. సంచులలో ఇసుక, కందులు, పాత పుస్తకములు నింపి తూచితిమి. ఒకటవ తరగతి వారు సూది ఏ అంకె యొద్ద నిలిచినదో చూచి చెప్పవలెను. 38కిని 83కిని భేదము రెండవ తరగతి వారి పని. ఈ భేదము కొందరికి వారమంతయు పట్టినది. మూడవ తరగతి వారు మూడు దినముల తూకములు 38, 41, 36 కూడి 115 అనిరి. నాలుగవ తరగతి వారికి సంచి తరుగు. మూట 39 కిలోల 200 గ్రాములు, సంచి 700 గ్రాములు, నికరము 38 కిలోల 500 గ్రాములు. ఐదవ తరగతి వారు దానిని కిలోకు 12 రూపాయల చొప్పున కట్టి 462 రూపాయలు తెచ్చిరి. 12 రూపాయలు బడి లెక్క కొరకు పెట్టుకొన్న అంకె. "మా అమ్మకి అంతియ్యలేదు సార్" అని వెనుక వరుస నుండి ఒకతె అనెను. అయితే ఎంత ఇచ్చిరో అడిగి రమ్మంటిని. మరునాటికి ఏడు ఇండ్ల నుండి ఏడు ధరలు వచ్చినవి. వానిని బోర్డు మీద పట్టికగా వ్రాసితిమి. పుస్తకములోని దశాంశముల పాఠము, పట్టికల పాఠము రెండును ఆ వారములోనే ముగిసినవి. పుస్తకములో వాని చోటు జనవరి, ఫిబ్రవరి నెలలలో నుండెను.

నవంబరు మొదటి వారమున తనిఖీకి వచ్చిన అధికారి యొకరు నా పుస్తకము చూచి, పాఠముల వరుస ఏల తప్పినదని అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. విద్యాహక్కు చట్టము 24వ సెక్షను ఉపాధ్యాయుని విధులను చెప్పుచు, నియమిత కాలములో పాఠ్యప్రణాళికను పూర్తిగా ముగింపవలెననుచున్నది. దాని వెంటనే, ఒక్కొక్క పిల్ల నేర్చుకొను శక్తిని కనుగొని దానికి తగినట్లు అదనముగా బోధింపవలెనని కూడ అనుచున్నది. మొదటి మాటను పట్టుకొని రెండవ మాటను విడిచిన ఉపాధ్యాయులను నేను చూచితిని. రెండవ దానిని సాకుగా పెట్టుకొని పుస్తకము ముట్టని వారినికూడ చూచితిని. నేను హాజరు పట్టీలు మూడును ఆయన యెదుట పెట్టితిని. ఆయన చాలసేపు పేజీలు తిప్పి, వరుస మార్చినను సంవత్సరాంతమునకు అన్ని పాఠములును ముగియవలెనని వ్రాసి సంతకము చేసి పోయిరి. ఉండిపోవు పిల్లలకు ముగియును. నవంబరు నుండి మార్చి వరకు ముదుసలుల యొద్ద నిలిచిన పిల్లలతో ముందు వదలిన పాఠములన్నియు చెప్పుదును, పిల్లలు తక్కువ గనుక పదమూడు నిమిషములు ముప్పదియగును.

ఇక ఒక పిల్ల సంగతి. పేరు వ్రాయను. అప్పుడు నాలుగవ తరగతి. తెలివైన పిల్ల, సుగ్గికి పోయి వచ్చిన ప్రతిసారి గుణింతములు మరచి వచ్చునది. ఆమె పని పత్తి తీయుట కాదు, తల్లి చేనిలో దిగినప్పుడు గట్టున చెట్టు క్రింద చిన్న తమ్ముని పట్టుకొని కూర్చుండుట. సుగ్గి నెలలలో ఇంటి యొద్ద ఉండిపోవు పిల్లల కొరకు సమగ్ర శిక్ష పథకము క్రింద సీజనల్ హాస్టళ్లు నడుపుదురని మీరు వినియుందురు. పిల్లను అందులో విడిచిపొమ్మని చెప్పుటకు ఆ యింటికి పోయితిని. తల్లి ఉల్లిగడ్డలు తట్టలోనికి ఎత్తుచుండెను.

"మీరు జెప్పేది బాగనే ఉంది సారూ. చిన్నోడికి ఏడాదిన్నర. నేను సేన్లో దిగితే వాన్ని ఎవరు పట్టుకుంటారు? ముసలామెకు కండ్లు కనపడవు. పాపను ఈడ ఇడ్సిపెట్టి పోతే నా మనసు యాడుంటాది?"

"నేను దినమూ చూస్తుంటానమ్మా. వారానికోసారి నీతో ఫోనులో మాట్లాడిస్తాను," అంటిని.

ఆమె చాలసేపు పలుకలేదు. "వచ్చే యేడు సూద్దాం సార్" అని మరల తట్ట నెత్తుకొనెను.

ఆమెను తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. బడి సంవత్సరమునకు నేను వేయు ప్రణాళిక వంటిదే ఆమెయు వేసికొన్నది, ఆమె గళ్లలో బియ్యము, అప్పు, పాలుత్రాగు బిడ్డ, కండ్లు కనబడని అత్త యున్నారు. చదువు గడి యొకటి దానిలో ఇరికించుట నా పని.

పోవు పిల్లలందరికి ఒక్కొక్క నోటుపుస్తకము కుట్టి ఇచ్చితిని. నూరు పేజీలు. ప్రతి పేజీలో పైన తేదీ గడి, క్రింద మూడు పంక్తులు మాత్రమే. మొదటి పంక్తిలో నేడు అమ్మ తూకము, రెండవ దానిలో నాయన తూకము, మూడవ దానిలో నేడు చూచిన ఒక సంగతి. అంతకంటె ఎక్కువ అడిగినయెడల వ్రాయరని నాకు తెలియును. పుస్తకము అట్టలోపల ఒత్తుల మాటలు, పదవ ఎక్కము వరకు అచ్చు కాగితము అంటించితిని. అట్ట మీద పిల్ల పేరు, తరగతి, మా బడి పేరు, నా ఫోను నంబరు.

ఉగాది దాటిన నాలుగవ దినమున ఆ పిల్ల వచ్చినది. పుస్తకము అంచులు మిరపకాయల కారముతో ఎర్రబడి, తెరువగానే తుమ్ము వచ్చుచుండెను. నలుబది యొక్క పేజీలు నిండియున్నవి. పత్తి తీత దినములు ఇంచుమించు అన్నియు ఉన్నవి. మిరప కోతకు మారిన తరువాత దినకూలి గనుక తూకపు పంక్తులు ఖాళీలు, మూడవ పంక్తి మాత్రము కొన్ని పేజీలలో నున్నది. "తమ్మునికి జరం." "నీళ్ల ట్యాంకరు రాలేదు." "రైలు సూసినా." ఒకచోట "ఈడ బడి ఉంది. గేటు కాడ నిలబడినా" అని యున్నది. దాని క్రింద ఏమియు లేదు.

తల్లి కూడ వెంట వచ్చెను. మేస్త్రీ లెక్క ముగించు దినమున రెండు దినముల తూకములు ఆయన పుస్తకములో లేవట, పాప పుస్తకములో నున్నవట. ఒక దినము వాన వలన తూచుట ఆలస్యమైనదని ఆయనకు జ్ఞాపకము వచ్చి ఒప్పుకొనెనట. రెండవ దానికి ఒప్పుకొనలేదట. "ఒక దినందైనా వచ్చింది గదా సార్" అని ఆమె నవ్వెను. నేను పిల్లను కూర్చుండబెట్టి చదివించి చూచితిని. అంకెలు ఏమియు తప్పలేదు. ద్విత్వములు నిలిచినవి. గుణింతములలో కొమ్ము, కొమ్ము దీర్ఘము, ఏత్వము, ఐత్వము కలగాపులగమైనవి. వాచకములోని పేజీ చదువుటకు గడచిన అక్టోబరులో పట్టిన కాలమునకు రెండింతలు పట్టినది. ఇరువది దినములలో కొంత తిరిగి వచ్చినది, అంతయు రాలేదు. ఇప్పుడామె ఐదవ తరగతి. "వచ్చే యేడు" అన్న యేడు ఇదియే. తమ్ముడు అంగన్‌వాడీకి పోవు వయస్సువాడాయెను. తల్లి ఇంకను ఏమియు చెప్పలేదు. నేను అడుగుట మానలేదు.

ఈ యేటి ప్రణాళికలో రెండు మార్పులు చేసితిని. నోటుపుస్తకములో మిరప కోత నెలలకు తూకపు పంక్తి తీసివేసి, దాని చోట గుణింతపు మాట లైదు చూచి వ్రాయు పంక్తి పెట్టితిని. సంత యూనిట్‌లో కొత్త ఊరి బడికి పోయి చేరుట యెట్లో ఆడి చూపు నాటకమొకటి చేర్చితిని. ఒకడు హెడ్మాస్టరు, ఒకతె తల్లి, ఒకడు గేటు కాపరి. పిల్లలకు ఇది మిక్కిలి ఇష్టమైనది, గేటు కాపరి వేషమునకు పోట్లాడుకొనుచున్నారు.

ఆ నాటకము ఆడించుచుండగానే ఈ వ్యాసము వ్రాయవలెనని తోచినది. ఈ పత్రికను గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాల పల్లె సంఘములవారు చదువుదురని ఎరుగుదును. మీ ఊళ్లలో అనేక చోట్ల తొలి బడి ప్రార్థన మందిరపు చూరు క్రిందనే కూర్చున్నదని మీ పెద్దలు చెప్పగా వినియుందురు. నవంబరు మొదలుకొని మార్చి వరకు మీ చేల గట్ల మీద, చెరువు కట్టల ప్రక్కన టార్పాలిన్ గుడారములు లేచును గదా, వానిలో మా పిల్లలున్నారు. బదిలీ సర్టిఫికెట్ లేదనియు, వయస్సు కాగితము లేదనియు, సంవత్సరము నడుమ వచ్చిరనియు చెప్పి ఏ ప్రభుత్వ పాఠశాలయు ఆరు మొదలు పదునాలుగు ఏండ్ల పిల్లను చేర్చుకొనక త్రిప్పి పంపరాదు. చట్టములో 5, 14, 15 సెక్షనులు చూచుకొనవచ్చును. చేర్చుకొన్న పిల్లకు మధ్యాహ్న భోజనము అక్కడనే దొరకును. తల్లిదండ్రులకు ఇది తెలియదు, తెలిసినను పరాయి ఊరి గేటు దాటుటకు జంకుదురు. మీలో ఒకరు ఒక ఉదయము ఆ గుడారముల యొద్దకు పోయి, నోటుపుస్తకము చేతనున్న పిల్లను తల్లితో కూడ బడికి తోడుకొనిపోయి హెడ్మాస్టరుగారికి చూపినయెడల చాలును. చిన్న తమ్ముడో చెల్లెలో చంకనున్నయెడల వెంట తీసికొనిపొండి, అంగన్‌వాడీ సాధారణముగా బడి ప్రక్కనే యుండును. పుస్తకము అట్ట మీద మా బడి నంబరున్నది. సాయంకాలము నాలుగున్నర తరువాత ఫోను చేసినయెడల, ఆ పిల్ల ఏ మెట్టు మీద నున్నదో చెప్పుదును.